సీజన్ మారిన తెల్లారి

మా చెల్లెలి కొడుకు ఆ రాత్రి నిద్రపోలేదు. విజయవాడలో ఇంజినీరింగ్ రెండో ఏడు. బీజీఎంఐ అనే తుపాకీ ఆటలో సీజన్ ముగిసే రాత్రి అది. క్రౌన్ అనే మెట్టు మీద ఉన్నాడు, పై మెట్టు ఏస్‌కి 4200 పాయింట్లు కావాలి, ఇంకా ముప్ఫై చిల్లర తక్కువ. ముగ్గురు స్నేహితులు ఎవరి ఇళ్లలో వాళ్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, తెరమీద ఎరాంగెల్ మ్యాప్. పోచింకీ ఊళ్లో దిగుదామని ఒకడు, వద్దురా బాబూ అని ముగ్గురు. చివరికి ఊరికి దూరంగా రెండిళ్లలో లూట్ ఏరుకుని, జోన్ అంచు పట్టుకుని నక్కి నక్కి నడిచారు. ర్యాంక్ పుష్ అంటే ఇదేనని అప్పుడే అర్థమైంది నాకు. ఎంతమందిని పడగొట్టామన్నది తర్వాత, ముందు చివరిదాకా బతికుండాలి. రెండున్నరకి తలుపు తట్టి, "మామయ్యా, ఏస్ పడింది" అన్నాడు.

పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే కొత్త సీజన్ మొదలైపోయింది. ఏస్ బొమ్మ లేదు, కొన్ని మెట్ల కింది టియర్ బొమ్మ ఉంది. మా అమ్మ తొంగి చూసింది. "రాత్రంతా మేలుకుని ఎక్కింది పొద్దున్నే దింపేశారా? మరెందుకురా ఎక్కడం?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. నేను మాత్రం ఆ ప్రశ్న పట్టుకున్నాను. పదిహేనేళ్లుగా ఈ ఆటలు ఆడుతున్నవాణ్ని, స్టార్‌క్రాఫ్ట్ 2తో మొదలుపెట్టినవాణ్ని. రీసెట్ అనేది ఆటగాడికి చేసే అన్యాయం కాదని, ఈ ఆటలు కనిపెట్టిన మంచి పద్ధతుల్లో అదొకటని గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్పాలంటే లోపలి లెక్క కొంచెం విప్పాలి.

ఆ లెక్కకి మూలం చదరంగం. అమెరికాలో మిల్వాకీలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన అర్పాద్ ఎలో తయారుచేసిన రేటింగ్ పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి దాదాపు నాలుగింట మూడు వంతులు గెలుపు రావాలి. అనుకున్నట్టే గెలిస్తే వచ్చేది కొంచెం, అనుకోకుండా ఓడితే పోయేది ఎక్కువ. వాలరెంట్, లీగ్ ఆఫ్ లెజెండ్స్, స్టార్‌క్రాఫ్ట్ 2 లాంటి ఆటల్లో ఎంఎంఆర్ అనే సంఖ్య ఈ వంశంలోనిదే. మనకి బంగారు, వజ్రపు బొమ్మలు కనిపిస్తాయి. ఎదురుగా ఎవరిని దింపాలో తేల్చేది మాత్రం ఈ ఎంఎంఆర్. చాలా ఆటలు దాన్ని దాచే ఉంచుతాయి.

ఎలో ఒక్క సంఖ్యతో సరిపెట్టాడు. 1995లో మార్క్ గ్లిక్‌మన్ దానికి తోడుగా మరో సంఖ్య పెట్టాడు. నీ రేటింగ్ 1500 అంటే సరే, ఆ మాటని ఎంతవరకు నమ్మొచ్చు? కొత్తగా వచ్చినవాడి విషయంలో నమ్మకం తక్కువ, కాబట్టి ఒక్కో ఆటకి పాయింట్లు పెద్దపెద్ద అంగలు వేస్తాయి. రోజూ ఆడేవాడి విషయంలో నమ్మకం గట్టిది, అంగలు చిన్నవి. ఆర్నెల్లు ఆడకుండా ఉంటే నమ్మకం మళ్లీ సడలుతుంది. ఎక్స్‌బాక్స్ ఆటల కోసం మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చేసిన ట్రూస్కిల్ కూడా ఈ రెండు సంఖ్యల దారిలోనే నడిచింది, జట్లుగా ఆడేవాళ్లకి పనికొచ్చేలా.

ఇప్పుడు రీసెట్ దగ్గరికి వద్దాం. అందర్నీ సున్నాకి దించేయడం మొరటు పద్ధతి. అలా చేస్తే నిన్న మొదలుపెట్టిన పిల్లాడి మీదికి పదేళ్ల అనుభవం ఉన్నవాడు వచ్చి పడతాడు. అందుకే ఎక్కువ ఆటలు వాడేది మెత్తని రీసెట్. ఒక లెక్క అనుకుందాం. ఆటలో అందరి సగటు 1500. నువ్వు 2300లో ఉన్నావు, నీ పక్కింటివాడు 1100లో. ఇద్దర్నీ సగటు వైపు సగం దూరం లాగితే నువ్వు 1900కి దిగుతావు, వాడు 1300కి ఎక్కుతాడు. వరస చెదరలేదు, మధ్య దూరం మాత్రం ముడుచుకుంది. మడిచిన గొడుగులో ఊచలన్నీ దగ్గరికొస్తాయి చూడండి, అలాగ. ఆపైన కొన్ని ఆటల్లో ప్లేస్‌మెంట్ మ్యాచ్‌లు ఉంటాయి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 4లో ఐదు. అవి ఆడేసరికి గొడుగు మళ్లీ విచ్చుకోవడం మొదలవుతుంది.

మొదటి వారం మాత్రం గందరగోళమే. పైవాళ్లు ఇంకా కిందే ఉంటారు. మామూలు ఆటగాడికి వరసగా దెబ్బలు తగులుతాయి. తెలిసినవాళ్లు ఆ వారం ర్యాంక్ జోలికి పోరు.

ఇంత శ్రమ ఎందుకంటే, ర్యాంక్ ఎక్కినవాడు ఆట మానేస్తాడు. ఇది నేను నా మీదే చూసుకున్నాను. స్టార్‌క్రాఫ్ట్ 2లో డైమండ్ అందిన రోజు నుంచి రెండు నెలలు ర్యాంక్ బటన్ నొక్కలేదు. ఓడితే పోతుందేమోనని వేలు ఆగిపోయేది. ఆ ఆట ఆడేవాళ్లు దీనికి ల్యాడర్ యాంగ్జయిటీ అని పేరు కూడా పెట్టుకున్నారు. 2013లో ఆ ఆటకి కొనసాగింపుగా హార్ట్ ఆఫ్ ద స్వార్మ్ వచ్చినప్పుడు ర్యాంక్ లేకుండా ఆడే వీలు కూడా పెట్టారు. సీజన్ మారితే ఈ భయానికి ఆయువు తీరుతుంది. ఎలాగూ కరిగిపోయేదాన్ని దాచుకుని ఏం లాభం, ఆడటమే మేలు.

శిఖరం మీద సీట్లు కొన్నే. స్టార్‌క్రాఫ్ట్ 2లో గ్రాండ్‌మాస్టర్ అంటే ఒక ప్రాంతానికి 200 మంది. బీజీఎంఐలో కాంకరర్ అంటే పైన ఉన్న 500 మంది. ఒకసారి కూర్చున్నవాడు లేవకపోతే ఈ ఏడు ఆటలో ఆరితేరినవాడికి చోటెక్కడిది? క్లాష్ ఆఫ్ క్లాన్స్ దీనికి అందమైన ఉపాయం చేసింది. లెజెండ్ లీగ్‌లో 5000 ట్రోఫీలు దాటినవాణ్ని సీజన్ చివర మళ్లీ 5000 గీత మీద నిలబెట్టేవాళ్లు. కానీ అతను దాటిన ఎత్తుని లెజెండ్ ట్రోఫీలుగా మార్చి అతని పేరు పక్కనే శాశ్వతంగా ఉంచేవాళ్లు. వాలరెంట్‌లో సీజన్‌లోని ఒక్కో యాక్ట్‌కి, అంటే ఒక్కో అంకానికి, ఒక త్రికోణం ఉంటుంది. గెలిచిన ఒక్కో ఆట దాని లోపల ఒక చిన్న త్రికోణమై, ఏ ర్యాంక్‌లో గెలిచావో ఆ రంగులో నిండుతుంది. సీజన్ పోయినా ఆ బొమ్మ పోదు. కూచిపూడి పిల్లలు గజ్జెలు దాచుకున్నట్టు ఆటగాళ్లు వాటిని చూసుకుంటారు.

మరి చదరంగంలో రీసెట్ ఎందుకు లేదు? కోనేరు హంపి రేటింగ్‌ని జనవరి ఒకటిన ఎవరూ సగం దూరం లాగరు కదా? అక్కడ గుర్రం ఎప్పుడూ రెండున్నర గళ్లే దూకుతుంది. తుపాకీ ఆటలో అలా కాదు. కొత్త సీజన్‌తో ఒక తుపాకీ అదురు పెరుగుతుంది, ఒక మ్యాప్ తీసేస్తారు, ఇంకోటి వస్తుంది. నిన్నటి ఆటలో సంపాదించిన ర్యాంక్ నేటి ఆటకి సాక్ష్యం చెప్పలేదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ మాత్రం 2019 నుంచి రీసెట్ లేకుండానే ఎలో సంఖ్య నడుపుతోంది, దాని ఆటగాళ్లు ఆ సంఖ్యని ఇంటిపేరులా చెప్పుకుంటారు. ఆ ఆటకి అది నప్పింది. నాకు మాత్రం అక్కడ కూడా బటన్ మీద వేలు ఆగుతుంది.

సీజన్ అంటే లెక్కలే కాదు, లోకం మారడం కూడా. ఈ విద్యలో ఫోర్ట్‌నైట్‌ని మించింది నేను చూడలేదు. 2019 మేలో అగ్నిపర్వతం పేలి, అందరూ దిగే టిల్టెడ్ టవర్స్‌ని ఊడ్చేసింది. అదే ఏడు అక్టోబర్ 13న ఆట జరిగే దీవి మొత్తాన్ని ఒక కృష్ణబిలం మింగేసింది. దాదాపు రెండు రోజులు ఆట తెరిస్తే నల్లటి తెర, మధ్యలో వెలుగు వలయం, అంతే. 15న కొత్త దీవి లేచింది. నాలుగేళ్ల తర్వాత, 2023 నవంబర్‌లో పాత దీవిని వెనక్కి తెస్తే ఒక్క రోజులో 4.47 కోట్ల మంది వచ్చి ఆడారని ఎపిక్ గేమ్స్ ప్రకటించింది. పోయిందనుకున్న ఊరికి జనం అలా పరుగెత్తుకొచ్చారు.

ఒకచోట మాత్రం నాకు ఈ పద్ధతి మీద కోపముంది. బ్యాటిల్ పాస్, అంటే డబ్బిచ్చి కొని, ఆడేకొద్దీ బహుమతులు తెరుచుకునే చీటీ. డోటా 2లో 2013 నాటి కంపెండియం దీనికి తొలి రూపాల్లో ఒకటి. అమ్మకాల్లో నాలుగో వంతు ఆ ఏటి టోర్నీ బహుమతి సొమ్ములో కలిసేది. తర్వాతి రోజుల్లో అది చాలా ఆటల్లో గడువుతో కూడిన బేరంగా మారింది. మా వాడు ఒక ఆటలో పాస్ కొన్నాడు. సెమిస్టర్ పరీక్షలొచ్చి మూడు వారాలు ఆడలేదు. సీజన్ ముగిసింది, డబ్బిచ్చి కొన్న పాస్‌లో సగం బహుమతులు తెరవకుండానే పోయాయి. ర్యాంక్ కరగడం న్యాయం, ఎందుకంటే అది కొలత. కొన్న వస్తువు కరగడం ఏం న్యాయం? హేలో ఇన్ఫినిట్ 2021లో గడువు లేని పాస్ పెట్టింది, హెల్‌డైవర్స్ 2 కూడా అదే చేసింది. కుదురుతుందనడానికి అవి చాలు. పిల్లల సంక్రాంతి సెలవుల్ని, పరీక్షల నిద్రని గడువు పేరుతో లాక్కునే పాస్‌ని ఆటగాళ్లు కొనకుండా వదిలేయాలని నా మాట.

ఆ సాయంత్రం వాడు మళ్లీ స్క్వాడ్‌తో కూర్చున్నాడు. ఈసారి పోచింకీలోనే దిగారు. రెండు నిమిషాలు కాలేదు, నలుగురూ పడ్డారు. కొట్టినవాళ్ల పేర్ల చుట్టూ పోయిన సీజన్ కాంకరర్ ఫ్రేములు మెరుస్తున్నాయి. మైనస్ పడింది. అమ్మ కొబ్బరి కోరుతూ, "మళ్లీ దింపారా?" అంది.

"ఇది మేమే ఓడాం అమ్మమ్మా. పైవాళ్లు ఇంకా మా దగ్గరే ఉన్నారు."

"ఎన్నాళ్లకి పోతారు?"

"పది రోజులకి."

"అయితే ఈ పది రోజులూ పెందలాడే పడుకో."