రాతిలో తాటాకిల్లు

గుంటుపల్లి కొండ దిగేవాళ్లలో చాలామంది అనే మాట ఒకటే: ‘బొమ్మలు పెద్దగా లేవేంటండీ!’ పాపం, వాళ్ల తప్పు కాదు. ‘ఆంధ్రా అజంతా’ అని ఊరించి పంపితే రంగుల కోసమే వెతుకుతారు కదా.

ఆకివీడు వాళ్లం, చెరువు గట్టే మాకు ఎత్తైన చోటు. కైకలూరు, ఏలూరు దాటి కామవరపుకోట వైపు వెళ్తే గానీ కొండ కనిపించదు. మెట్లెక్కగానే బౌద్ధ భిక్షువుల గదులు, ఇటుక చైత్యం పునాదులు, గుంపుగా చిన్న చిన్న స్తూపాలు. ఇవన్నీ ఓ చుట్టు చుట్టి, గుండ్రని గుహ దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడాలి. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నాటిదంటారు. నడుమ స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణకు సన్నని దారి.

అక్కడ తల పైకెత్తాలి. కొండను తొలిచిన కప్పుకి వాసాలున్నాయి! నడినెత్తి నుంచి గోడ దాకా గొడుగు పుల్లల్లా దిగాయి. వాటిని కలుపుతూ అడ్డబద్దలు. అచ్చం తాటాకు చుట్టిల్లు లోపల నిలబడి పైకి చూసినట్టే. ఇంటికైతే వాసం బరువు మోస్తుంది. ఇక్కడ మోసేదేమీ లేదు, చెక్కి పారేసినా కప్పు పడదు. పైగా వాసం మిగలాలంటే దాని రెండు పక్కలా రాయిని లోతుగా తీయాలి, ఉలి జారి ఒక్క పెచ్చు ఊడితే మళ్లీ అతికే వీల్లేదు. నున్నగా వదిలేస్తే సగం పని తగ్గేది.

రాతి కట్టడం కొత్త కాబట్టి కర్రపనినే గుడ్డిగా దించేశారని కొందరి వాదన. నాకు నచ్చదు. గయ దగ్గర బరాబర్ కొండల్లో, అశోకుడు ఆజీవక సన్యాసులకిచ్చిన సుదామ గుహ లోపలి గదికి కూడా రాతి చూరు దింపారు. ఎక్కడో టర్కీలో లిసియా వాళ్లు సమాధులకు రాతి దూలాలు చెక్కారు. ఇంతమందికీ చేతకాలేదంటే నమ్మను. వానాకాలం తిరగడం మాని ఒకచోట ఉండాల్సిన భిక్షువుకు పూరిపాకే ఇల్లు. ఆ పాక రెండు మూడేళ్లకు చివికిపోతుంది, మళ్లీ నేయాలి. ఇది నేయక్కర్లేని పాక.

చెక్కినవాడి పేరు తెలియదు. కొండ మీదే ఉన్న ఒక మండపం ఇచ్చినవాడి పేరు మాత్రం దాని స్తంభాల మీద ఉంది: మహామేఘవాహన వంశపు రాజు సిరిసదుడి లేఖకుడు చూళగోముడు. రాతకోతల ఉద్యోగి కదా, తన పేరు రాయించుకోవడం మరిచిపోతాడా!

చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు గుహలోని స్తూపం ధర్మలింగేశ్వర స్వామి. దండం పెట్టుకుని వెళ్తారు. పండితులు నొచ్చుకుంటారేమో గానీ, బుద్ధుడు వెళ్లిపోయాక కూడా ప్రదక్షిణ ఆగలేదంటే నాకు సంతోషమే.

మా కొల్లేటి వైపు తాటాకిళ్లు నేసే చేతులు తగ్గిపోతున్నాయి, అన్నీ శ్లాబులే. ఉన్నవాళ్లలో ఒక పెద్దాయన్ని ఆ గుహలోకి తీసుకెళ్లి, ‘ఈ వాసాల కట్టు సరిగ్గానే ఉందా, ఎక్కడైనా దూరం ఎక్కువైందా?’ అని అడగాలనుంది. పురావస్తు శాఖ వాళ్లకు తట్టని తప్పు ఆయన పట్టేస్తాడు.