నల్లజీడి చుక్క

"మీ వస్తువులకు మీరే బాధ్యులు." ఊరు పేరు అక్కర్లేని ఒక వృద్ధాశ్రమం గోడ మీద ఈ మాట చూసి ఈ వారం కాలమిస్టుకు ఒళ్లు మండింది. ఆ బోర్డు కిందే బల్ల మీద కూర్చున్న ఉద్దానం ముసలమ్మ మూడు రోజులుగా కళ్లజోడు కోసం అడుగుతోంది. "మతిమరుపు, ఎక్కడో పెట్టేసి ఉంటుంది" అన్నారు ఆఫీసులో.

"మతి పోనేదు బాబూ, జోడే పోనాది" అందామె.

పాత పాఠకులకు కాలమిస్టు రసీదు పిచ్చి తెలిసిందే. నౌపడ జంక్షన్‌లో గుణుపురం రైలు కోసం కూర్చున్నప్పుడల్లా పక్కవాళ్లకు 1989 రైల్వే చట్టం 100వ సెక్షన్ వినిపించే మనిషాయన: బుక్ చేసి రసీదు పుచ్చుకోని సామాను పోతే రైల్వేను పట్టుకోవడం కష్టం. ఆశ్రమంలో చేరిన రోజే పెట్టెలోని ప్రతి వస్తువూ రాసి, సంతకం పెట్టి, ఒక కాపీ చేతికివ్వాలని ఈసారీ ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాడు. అప్పగించిన సరుకును, మామూలు వివేకం గలవాడు తన సొంత సరుకును చూసుకున్నట్టే చూడాలంటుంది 1872 కాంట్రాక్టు చట్టం. మంచం కింద పెట్టె అప్పగించినట్టా కాదా అన్నది లాయర్లు తేల్చుకోవాలి. వృద్ధుల కోసమే వచ్చిన 2007 చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం 150 మంది నిరుపేదలకు చోటుండాలంటుంది, వైద్యం, వినోదం పేరెత్తుతుంది. పెట్టె ఊసెత్తదు.

ఇంతలో ఒక ఆయా ఉతకాల్సిన బట్టల మూట తెచ్చి విప్పింది. ఒక్కో దుప్పటీ దులుపుతోంది. నాలుగోదాంట్లోంచి జోడు జారిపడింది.

కాలమిస్టుకు చిన్నప్పటి చాకిరేవు గుర్తొచ్చింది. పలాస జీడిపప్పు పేరు అందరికీ తెలుసు గానీ, దాని చుట్టం నల్లజీడిని ఇప్పుడు తలిచేవాళ్లేరీ? ఆ గింజలో సూది గుచ్చి, అంటిన రసంతో బట్ట మూలన చుక్క పెట్టి, దాని మీద కాస్త సున్నం రాసేవారు. ఎన్ని ఉడుకులు పెట్టినా ఆ నలుపు పోదు. ఒకరింటికి రెండు చుక్కలు, ఇంకొకరింటికి చుక్కా గీతా. పుస్తకం లేదు, రసీదు లేదు. చీర మారిపోయిందని ఇల్లాలు అరిస్తే, విన్నవాడే వెతికేవాడు. "మీకు మతిమరుపమ్మా" అని తప్పించుకునే వీలే లేదు, గుర్తు పెట్టింది తనే కదా! మర్నాడు పక్క వీధి నుంచి చీర తిరిగొచ్చేది. (ఆ రసం తగిలితే ఒళ్లు పొక్కుతుంది. ఆ చాకిరీని మళ్లీ తెమ్మని ఎవరూ అనడం లేదు.)

మతిమరుపు జబ్బున్నవాళ్లు ఎక్కడో పెట్టి మరచిన వస్తువును ఎవరో ఎత్తుకుపోయారనడం ఉంది. డాక్టర్లకది కొత్త కాదు. అయినా దుప్పటి దులపడానికి పట్టేదెంతసేపు? ముందు వెతికి, ఆ తర్వాత అనుమానించొచ్చు. అసలు ఆమె జోడు చేరిన రోజే జాబితాకెక్కి, కాపీ ఆమె కొంగున ముడేసి ఉన్నా, ఆఫీసులో ఆ మూడు రోజులూ ఇదే జవాబు వచ్చేదని కాలమిస్టుకు తట్టింది. ఇరవయ్యేళ్ల రసీదు పాఠం కాస్త చప్పబడింది.

ఫిర్యాదుల పుస్తకం అడిగి చూశాడు. ఆమె పేరు పక్కన జవాబు గడి ఖాళీ. ఆయా జోడు కాడకు ఎర్ర దారం కట్టి, ముసలమ్మ చెవులకు తగిలించి, అయిదో దుప్పటి అందుకుంది.