గుత్తి ఎండలో పిల్లల రంగులు

పిల్లల రంగులు ఎండిపోవడంలో రెండు రకాలున్నాయి. రంగులోని నీరు గాలికి పోయి, రంగుపొడీ జిగురూ ఎక్కడివక్కడ మిగిలిపోవడం మొదటిది. ఎండే క్రమంలోనే జిగురు తన గుణం మార్చుకుని, ఇక నీటికి లొంగని పదార్థమైపోవడం రెండోది. మొదటిదానికి నాలుగు చుక్కల నీళ్లు చాలు, మళ్లీ ప్రాణం వస్తుంది. రెండోదానికి బిందెడు పోసినా ఫలితం లేదు. ఎండిన రంగుల్ని ఇంట్లో మళ్లీ వాడుకోవడమనే పనంతా ఏది ఏ రకమో పోల్చుకోవడంలోనే ఉంది. అది తెలియక చాలా ఇళ్లలో బాగయ్యేవి చెత్తబుట్టలోకి పోతాయి, బాగుకానివి ఎప్పటికైనా పనికొస్తాయంటూ అటకెక్కుతాయి.

గుత్తిలో ఈ పని మిగతా ఊళ్లకంటే ఎక్కువే పడుతుంది. పడమటి కనుమల వానచాటున, తూర్పు తీరానికి దూరంగా ఉన్న అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నపు గాలిలో తేమ బాగా పడిపోతుంది. పగలంతా కాగిన కోటకొండ రాయి ఆ వేడిని రాత్రికి ఊరిమీదికి వదులుతుంది. మూత సరిగ్గా పెట్టని రంగుల పెట్టెకు మచిలీపట్నంలోనో కాకినాడలోనో బూజు పడుతుంది, గుత్తిలో అదే పెట్టెలోని రంగు నెర్రెలు విడుస్తుంది. పాత మట్టి మిద్దెల కింద కొంత నయం. కాంక్రీటు శ్లాబు కింద, ఇనప బీరువా మీద పెట్టిన బడిసంచిలోని రంగులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా ఒకరకంగా బట్టీలో ఉన్నట్టే.

రంగు ఏ రకమో తేల్చుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. ఎండిన రంగు మీద తడివేలు పెట్టి రుద్దాలి. వేలికి రంగు అంటితే అది బతుకుతుంది. అంటకపోతే చిన్న ముక్కను ఒక గంట నీళ్లలో నానబెట్టి చూడాలి. అప్పటికీ నీళ్లు తేటగానే ఉంటే దాన్ని వదిలేయవచ్చు.

ఈ పరీక్షలో ఎప్పుడూ గెలిచేవి వాటర్ కలర్ బిళ్లలు. నిజానికి అవి తయారీలోనే ఎండబెట్టినవి. రంగుపొడిని గమ్ అరబిక్ అనే బంకతో కలిపి, అచ్చులో పోసి ఆరబెడతారు. ఆ బంక ఆఫ్రికాలోని సూడాన్ ప్రాంతంలో పెరిగే తుమ్మజాతి చెట్లది. గుత్తి పరిసరాల్లో చెరువుగట్ల మీద తుమ్మచెట్లు కార్చే బంక దానికి దాయాది. చవక రకాల్లో పిండిపదార్థం నుంచి తీసిన డెక్స్‌ట్రిన్ వేస్తారు. రెండూ ఎన్నిసార్లు ఎండినా అన్నిసార్లూ నీటికి కరుగుతాయి. దీపపు మసిలో తుమ్మబంక కలిపి సిరా చేసుకున్న పాతకాలపు వాళ్లు నమ్ముకున్నదీ ఈ గుణాన్నే. కాబట్టి బిళ్ల పగిలిందని పెట్టె మార్చనక్కర్లేదు. ఒకే రంగు ముక్కల్ని ఒక సీసామూతలో వేసి, నాలుగైదు చుక్కల నీళ్లు చల్లి, మెత్తబడ్డాక చెంచా వెనకవైపుతో అదిమి, నీడన ఆరబెడితే కొత్త బిళ్ల తయారవుతుంది. ఎండలో పెడితే పైపొర ముందే బిగుసుకుని మళ్లీ పగులుతుంది. మిగిలిన ముక్కలన్నీ ఒకచోట కలిపితే మాత్రం వచ్చేది ఒకే ఒక రంగు, బురద రంగు. ట్యూబుల్లో గట్టిపడిన వాటర్ కలర్‌దీ ఇదే దారి. పెద్దవాళ్లు ట్యూబును బ్లేడుతో చీల్చి లోపలి ముద్దను తీసిస్తే, దాన్ని బిళ్లలాగే వాడుకోవచ్చు.

పోస్టర్ కలర్ సీసాల్లో ఎండిన రంగుకు ఓపిక కావాలి. గడ్డను పుల్లతో పొడిచి, వేడినీళ్లు చెంచాడు పోసి, మూతపెట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున కలిపితే చాలావరకు కలిసిపోతుంది. మందుల షాపులో దొరికే గ్లిజరిన్ ఒక చుక్క వేస్తే మళ్లీ ఎండడం ఆలస్యమవుతుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సీసాలోని రంగు చెడిపోకుండా కంపెనీ వేసిన మందు నీళ్లు పోసేకొద్దీ పలచబడుతుంది. అందుకే ఆ వారానికి కావలసినంతే తడపాలి. కుళ్లు వాసన వచ్చిన సీసాను బాగుచేయాలని చూడడం దండగ, పారేయాల్సిందే.

ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా పోగుపడేవి స్కెచ్ పెన్నులు. మూత ఒకటి పోగానే పెన్ను పని అయిపోయిందనుకుంటారు. లోపల జరిగేది అర్థం కావాలంటే శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల కలం తెలిస్తే చాలు. అది చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగును పీల్చుకుని, వేళ్లతో నొక్కినప్పుడు మొన మీదుగా కొంచెం కొంచెంగా వదులుతుంది. 1960ల మొదట్లో జపాన్‌లో యుకియో హోరియే తయారుచేసిన ఫెల్ట్ పెన్నుకూ, దాని సంతతి అయిన నేటి స్కెచ్ పెన్నుకూ సూత్రం ఇదే. చుట్ట నారతోది, పైన ప్లాస్టిక్ గొట్టం, అంతే తేడా. పెన్ను ఎండిందంటే నీరు పోయింది, రంగు మాత్రం చుట్టలోనే ఉంది.

దాన్ని రప్పించడం తేలిక. పెన్ను తోకవైపు బిరడాను ఊడదీసి, చుట్ట మీద గోరువెచ్చని నీళ్లు అయిదారు చుక్కలు వేసి, బిరడా, మూత బిగించి, మొన కిందికి ఉండేలా ఒక గ్లాసులో రాత్రంతా నిలబెట్టాలి. మొన నలిగిపోయి ఉంటే పట్టకారుతో లాగి తిప్పి పెట్టవచ్చు, కొన్నిటికి రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. ఇలా రెండుమూడుసార్లు సాగుతుంది. ప్రతిసారీ రంగు కొంత వెలుస్తుంది. అప్పటికీ పెన్నుగానే నడిపించాలనుకోవడం మసిపూసి మారేడుకాయ చేయడమే. ఆ దశలో చుట్టను బయటికి తీసి, రెండు చెంచాల నీళ్లలో నానబెట్టి పిండితే రంగునీళ్లు వస్తాయి. ఒకే రంగు పెన్నులు మూడు నాలుగు కలిపితే చిక్కగా ఉంటుంది.

ఆ రంగునీళ్లు వాటర్ కలర్‌కు పూర్తిగా సాటిరావు. వాటర్ కలర్‌లో ఉన్నది నీటిలో తేలే సన్నటి పొడి, స్కెచ్ పెన్నులో ఉన్నది నీటిలో కరిగిపోయే అద్దకపు రంగు. కరిగే రంగు కాగితంలోకి ఇంకుతుంది, ఎండ తగిలితే త్వరగా వెలిసిపోతుంది. గుత్తిలో కిటికీ పక్కన అంటించిన బొమ్మ కొత్త క్లాసు మొదలయ్యేలోపే పాలిపోవచ్చు. కానీ దానికి మరో గుణం ఉంది, అది వెలుతురును అడ్డుకోదు. ఆ గుణం విలువ తెలిసినవాళ్లు ఇక్కడికి దూరంలో లేరు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు మేకతోలును పారదర్శకంగా పలచన చేసి, దీపం వెలుగు దూసుకువచ్చే రంగులే పూస్తాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పోస్టర్ కలర్ పూసిన బొమ్మ తెర మీద నల్లనీడగానే పడుతుంది. అదే ట్రేసింగ్ కాగితం మీద స్కెచ్ పెన్నుల రంగునీళ్లు పూసి, కత్తిరించి, పుల్లకు కట్టి, పాత పంచె వెనక బల్బు ముందు ఆడిస్తే ఎరుపు ఎరుపుగానే, పసుపు పసుపుగానే కనిపిస్తుంది. ఎండిన స్కెచ్ పెన్నులకు ఇంతకంటే మంచి ఉపయోగం లేదనే చెప్పాలి. నల్ల పెన్ను ఒకటి మిగిలితే ఒక సైన్సు ప్రయోగానికి ఉంచవచ్చు. వడపోత కాగితం మీద గీత గీసి కొసను నీటిలో ముంచితే ఆ నలుపులో దాగిన నీలం, ఎరుపు లాంటి రంగులు విడివిడిగా పైకి పాకుతాయి.

బోర్డు మీద రాసేవి, చెరగని మార్కర్లు మరో జాతి. వాటి రంగు నీటిలో కాదు, స్పిరిట్‌లో కరుగుతుంది. వాటికి నీళ్లు పోస్తే ఉన్నదీ పాడవుతుంది. రెండు చుక్కల స్పిరిట్‌తో అవి లేస్తాయిగానీ అది నిప్పంటుకునే ద్రవం, పొయ్యికి దూరంగా పెద్దవాళ్లే చేయాలి.

నీళ్లంటే ఏ నీళ్లన్నది కూడా ఈ జిల్లాలో అడగాల్సిన ప్రశ్నే. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల బోరునీళ్లు ఉప్పదనం, ఫ్లోరైడ్ ఉన్న గట్టి నీళ్లు. వాటితో వేసిన బొమ్మ ఆరాక కాగితం మీద తెల్లటి పొర తేలుతుంది, ముదురు రంగుల మీద అది మరీ కనిపిస్తుంది. తాగడానికి తెచ్చుకునే ఆర్వో క్యాను నీళ్లు రెండు చెంచాలు వాడితే ఆ బెడద ఉండదు. పనంతటికీ కావలసింది టీ గ్లాసుడే కనుక నీటికి కటకటగా ఉన్న వారంలోనూ ఇది భారం కాదు.

తడివేలి పరీక్షలో ఓడిపోయేవి అక్రిలిక్, బట్టల మీద వేసే ఫ్యాబ్రిక్ రంగులు. వాటిలో జిగురు సన్నటి ప్లాస్టిక్ రేణువులుగా నీటిలో తేలుతుంటుంది. నీరు పోగానే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఏకపొర అవుతాయి. బట్ట ఉతికినా రంగు పోకపోవడానికి కారణం అదే, సీసాలో ఎండితే తిరిగి రాకపోవడానికీ అదే. సీసాలో సగమే చిక్కబడితే కొంచెం నీళ్లు కలిపి వెంటనే వాడేయాలి. ఫెవికాల్ రకం తెల్లజిగురుదీ ఇదే కథ. ఎండిన పొర నీటికి తెల్లబారి మెత్తబడుతుంది తప్ప మళ్లీ జిగురు కాదు. ఆ లోటుకు బజారుకు పరుగెత్తనక్కర్లేదు, మైదాను నీళ్లలో ఉడికించి దించితే కాగితాలకు సరిపోయే జిగురు వస్తుంది. సినిమా పోస్టర్లు అంటించేవాళ్లు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల జిగురులో వేయకూడదు.

క్రేయాన్లకు ఎండడమన్నదే లేదు. వాటిలో నీరుండదు, ఉన్నది మైనం. అవి విరుగుతాయి, అరుగుతాయి. కాగితం చుట్లు ఒలిచి, రంగుల వారీగా వేరుచేసి, వేడినీళ్ల గిన్నెలో పెట్టిన మరో గిన్నెలో కరిగించి, అచ్చుల్లో పోస్తే లావు క్రేయాన్లు తయారవుతాయి. చిన్నపిల్లల పిడికిలికి అవే బాగా పడతాయి. కరిగిన మైనంలో రంగుపొడి అడుక్కి దిగుతుంది కనుక పోసేముందు కలపాలి. మే నెలలో నల్లటి రేకు మీద పెట్టి గాజుమూత బోర్లిస్తే చాలా రకాలు పొయ్యి లేకుండానే కరుగుతాయి. గుత్తి ఎండ వల్ల కలిగే అరుదైన లాభాల్లో ఇదొకటి. మైనం కరిగించిన గిన్నెను మళ్లీ వంటకు వాడకూడదు, మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు.

క్లే పేరుతో అమ్మేవాటిలో మూడు నాలుగు రకాలు కలగలిసి ఉంటాయి. నూనెతో చేసిన రంగుల క్లే ఎండదు, బిగుసుకుంటుంది. వేడినీళ్లలో పెట్టిన కవరులో కాసేపు ఉంచి, కొబ్బరినూనె చుక్క వేసి పిసికితే లొంగుతుంది. శెనక్కాయల నూనె ఇంట్లో ఎంత ఉన్నా ఇందుకు వద్దు, కొన్నాళ్లకు కంపు కొడుతుంది. పిండీ ఉప్పూ కలిపిన డో పైన పెచ్చుకట్టినా లోపల మెత్తగా ఉంటే తడిచేత్తో పిసికి నిలబెట్టవచ్చు, రాయిలా అయితే లాభం లేదు. గాలికి ఆరి గట్టిపడేలా చేసిన క్లేలో చాలావాటికి జిగురు కలుస్తుంది, అది వెనక్కి రాదు.

అన్నిటిలోకీ ఓర్పున్నది మామూలు మట్టి. వినాయకచవితికి తెచ్చిన చెరువుమట్టి మిగిలి ఎండిపోతే ఎన్నేళ్ల తర్వాతైనా నానబెట్టుకోవచ్చు. ఇందులో కుమ్మరులకు తెలిసిన కిటుకు ఒకటుంది. సగం ఆరిన మట్టిగడ్డ నీటిలో వేసినా గడ్డగానే ఉంటుంది. పూర్తిగా ఎండిన గడ్డ మాత్రం నీరు తగలగానే బుడగలు వదులుతూ విచ్చి ముద్దవుతుంది, ఎండిన సన్నటి సందుల్లోకి నీరు ఒక్కసారిగా చొరబడడమే కారణం. కాబట్టి మట్టిని తిరిగి వాడాలంటే ముందు బాగా ఎండనిచ్చి, చిన్నముక్కలు చేసి, అప్పుడు నానబెట్టాలి. ఆవంలో కాలిన కుండపెంకుకు మాత్రం ఆ దారి మూసుకుపోయినట్టే. సుమారు 600 డిగ్రీలు దాటితే మట్టి కణంలోనే కలిసి ఉన్న నీరు విడిపోతుంది, అది పోయాక మట్టి మట్టిగా ఉండదు.

బ్రష్షుల మీద వాటర్ కలర్ ఎండితే నానబెడితే పోతుంది, అక్రిలిక్ ఎండితే స్పిరిట్‌లో మెత్తబరచి దువ్వాలి. రంగు సుద్దముక్కలు దంచితే సంక్రాంతి ముగ్గుల్లోకి సరిపోతాయి.

రంగులు చాలడం లేదని ఇంటికి వేయగా మిగిలిన పాత ఎనామిల్ డబ్బాలు పిల్లలకు ఇచ్చేవాళ్లున్నారు. అది చేయకూడని పని. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు కొన్న పసుపు, ఎరుపు డబ్బాల్లో ఎంత ఉందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇక కొత్తవి కొనాల్సి వస్తే, గుత్తి లాంటి ఊరికి వాటర్ కలర్ బిళ్లలు, క్రేయాన్లు, చెరువుమట్టి సరైన ఎంపిక. పోస్టర్ కలర్ కొంటే చిన్న సీసాలే మేలు. స్కెచ్ పెన్నులు తప్పనిసరైతే పన్నెండు రంగుల పెట్టె చాలు, ఇరవైనాలుగు వద్దు. వాటిని మూత బిగుతుగా పట్టే స్టీలు టిఫిను డబ్బాలో అడ్డంగా పడుకోబెట్టి, వేసవిలో ఇంట్లో నేలకు దగ్గరగా, గోడవార చల్లని చోట పెట్టండి.