మళ్లీ నింపుకునే ఇత్తడి తూటా

అమెరికాలో పాతకాలపు తుపాకులతో జరిగే కౌబాయ్ పోటీల్లో ఇత్తడి తూటాలు వాడేవాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు. వంతు అయిపోగానే మిగతావాళ్లు ఎన్ని తగిలాయో లెక్క చూసుకుంటుంటే వీళ్లు నడుం వంచి గడ్డిలో వెతుక్కుంటారు. పేలిన ప్లాస్టిక్ తూటా చాలామందికి చెత్త కిందే లెక్క. ఇత్తడిది అలా కాదు. ఖాళీ అయిన పాత్ర అది. కడిగి, ఆరబెట్టి, మళ్లీ నింపుకుంటారు.

ఈ తూటాలను లీవర్ షాట్‌గన్‌లో వాడాలంటే మాత్రం కాస్త విద్య కావాలి. ఆ తుపాకీని మనవాళ్లలో చాలామంది చూసే ఉంటారు. 1991లో వచ్చిన టెర్మినేటర్ 2 సినిమాలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ మోటార్‌సైకిల్ మీద దూసుకుపోతూ ఒంటిచేత్తో గిర్రున తిప్పి పేల్చేది దాన్నే. సినిమా కోసం గొట్టం కోసేశారు, లీవర్ మార్చారు గానీ, మూలం 1887 మోడల్ వించెస్టర్. రూపొందించినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్. యూటాలోని ఆగ్డెన్ పట్టణంలో తండ్రి తుపాకుల పనిశాలలో పెరిగిన మనిషి. షాట్‌గన్‌కు ముందుకీ వెనక్కీ లాగే పంప్ పద్ధతే నప్పుతుందని ఆయన నమ్మకం. లీవర్ రైఫిళ్లతో పేరు తెచ్చుకున్న వించెస్టర్ కంపెనీ దీనికీ లీవరే ఉండాలని పట్టుబట్టింది. ఆయన అడిగింది చేసి ఇచ్చాడు, తర్వాత తన మాట నెగ్గించుకున్నాడు కూడా. ఆయన చేసిన 1897 మోడల్ పంప్ షాట్‌గన్ దీన్ని పక్కకు నెట్టేసింది. 1901లో ఆపేసేనాటికి 1887 మోడల్ సుమారు 65 వేలు తయారైంది.

లీవర్‌ను కిందికి తోస్తే లోపలి ఉక్కు దిమ్మ వెనక్కి దొర్లుతూ కిందికి దిగుతుంది. పోతూ పేలిన తూటాను అంచు పట్టుకుని బయటికి లాగేస్తుంది. గొట్టం కింద ఉన్న మ్యాగజీన్ నుంచి కొత్త తూటా పైకి లేస్తుంది. లీవర్‌ను మళ్లీ పైకి లాగితే అది గొట్టం వెనక కొసన తూటా కూర్చునే గదిలోకి దూరుతుంది. రైఫిల్ తూటా సన్నగా ఉండి, ముక్కు చూపిన వైపు పోతుంది. షాట్‌గన్ తూటా లావు, మూతి చదును. ఒక్క వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా గది అంచుకు కొట్టుకుని ఆగిపోతుంది. ఇత్తడి వాడేవాళ్ల మొదటి తలనొప్పి ఇదే. ప్లాస్టిక్ తూటా మూతి మడత పడి గుండ్రంగా ఉంటుంది కాబట్టి జారిపోతుంది. ఇత్తడి మూతి గ్లాసు అంచులా నిటారుగా నిలుస్తుంది. అందుకని కొందరు అంచును అచ్చులో నొక్కి, కాస్త లోపలికి వంచుతారు.

ఇక పొడవు. మన ఊళ్లలో ట్వెల్వ్ బోర్ అంటామే, దాని అర్థం చాలామందికి తెలియదు. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం అంత వెడల్పన్నమాట. పది గుండ్లుగా పోస్తే ఒక్కోటి ఇంకా పెద్దది, కాబట్టి టెన్ బోరే పెద్ద తుపాకీ. 1887 మోడల్ ఈ రెండు సైజుల్లోనూ వచ్చింది. అందులో ట్వెల్వ్ బోర్ గది 2 5/8 అంగుళాలకు చేసింది. ఇప్పటి ప్లాస్టిక్ తూటా పేలి విచ్చుకున్నాక 2 3/4 అంగుళాలు ఉంటుంది. మడత మీద ఉన్నప్పుడు పొట్టిగా ఉంటుంది కాబట్టి గదిలో చక్కగా పడుతుంది, మోసం అక్కడే ఉంది. పేలినప్పుడు విచ్చుకున్న మూతి గది దాటి సన్నబడే చోట ఇరుక్కుంటుంది, దారి బిగిసి లోపలి ఒత్తిడి పెరిగిపోతుంది. నూరేళ్లు దాటిన ఉక్కు మీద ఆ భారం మోపడం తప్పు. బ్రెజిల్‌లో తయారయ్యే ఇత్తడి తూటా 2 1/2 అంగుళాలే. ఆ పాత గదిలో నిక్షేపంగా ఒదుగుతుంది.

ఒదిగినంత మాత్రాన ఏ మందైనా పోయవచ్చని కాదు. 1887 మోడల్ పొగ వచ్చే నల్లటి తుపాకిమందు కోసం పుట్టింది. పొగరాని మందుకు తట్టుకునేలా వించెస్టర్ వేరే 1901 మోడల్‌ను తెచ్చింది, అదీ టెన్ బోర్‌లోనే. ఇత్తడికీ పాత మందుకే స్నేహం. పొగరాని మందు సరిగా కాలాలంటే మూతి గట్టిగా మడిచి, ఒక్క క్షణం దాన్ని బిగబట్టాలి. ఇత్తడిని అలా మడవలేం. నల్ల తుపాకిమందుకు ఆ బిగింపు అంతగా అక్కర్లేదు.

నింపడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అట్టబిళ్లలది. కాగితం, ప్లాస్టిక్ గోడలు మందం. ఇత్తడి గోడ రేకంత పలచన. బయటి కొలత ఒకటే అయినా లోపలి ఖాళీ పెద్దది. అందుకే ట్వెల్వ్ బోర్ ఇత్తడి తూటాలో ట్వెల్వ్ బోర్ బిళ్ల వదులైపోతుంది, మందు వేడిగాలి పక్కల నుంచి తప్పించుకుంటుంది. పదకొండో నంబరు, గోడ మరీ పలచనైతే పదో నంబరు బిళ్ల వేయాలి. ఈ చిన్న సంగతి తెలియక ఇత్తడి తూటా పనికిరాదని పెట్టెలో పడేసినవాళ్లు ఎందరో. మందు మీద గట్టి అట్ట, దాని మీద మెత్తటి బిళ్ల, ఆపైన సీసపు గుళికలు, అన్నిటిమీద పలచటి మూత అట్ట. మందుకూ అట్టకూ మధ్య గాలి మిగలకూడదు. మూత అట్ట చుట్టూ జిగురు పూయాలి. సోడియం సిలికేట్ ద్రావణం అందుకు బాగా పనికొస్తుంది. మ్యాగజీన్‌లో ఒకదాని వెనక ఒకటి బారుగా ఉన్న తూటాలు ముందుది పేలినప్పుడల్లా అదురుతాయి. జిగురు బలహీనమైతే గుళికలు లోపలే రాలి యంత్రాన్ని పట్టేస్తాయి.

ఇంత శ్రమ ఎందుకంటే, కాగితపు తూటా తేమకు ఉబ్బుతుంది, గదిలో పట్టదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు కందకాల బురదలో ఈ కష్టం పడ్డాకే 1897 మోడల్‌కు ఇత్తడి తూటాలు తెప్పించుకున్నారు. నల్ల తుపాకిమందు మంటకు ప్లాస్టిక్ కరిగి గొట్టానికి చారలు కడుతుంది. ఇత్తడి పేలినప్పుడు ఉబ్బి గది గోడను అంటుకుని, మరుక్షణం కుదించుకుని వదులుతుంది. జాగ్రత్తగా చూసుకుంటే ఒకే తూటా ఏళ్ల తరబడి వస్తుంది.

నల్ల తుపాకిమందు మసి తేమను పీల్చి లోహాన్ని తింటుంది. అందుకే పేలిన వెంటనే సబ్బునీళ్ల సీసాలో వేస్తారు, ఇంటికొచ్చాక నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో తోముతారు. మా అమ్మ ఇత్తడి బిందెకు చింతపండు రాస్తే నిమిషంలో మెరుపు తేలేది. ఇక్కడ పనిచేసేదీ ఆ పులుపే. అమ్మోనియా ఉన్న పాలిష్ మాత్రం ముట్టకూడదు. ఈ పాఠం నేర్పింది మన దేశపు వానాకాలమే. బ్రిటిష్ సైన్యం వానలు తగ్గేదాకా తూటాలను గుర్రపు శాలల్లో దాచేది. తీసి చూస్తే ఇత్తడి పగుళ్లు పట్టి ఉండేది. కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా, తూటాను చల్లగా సాగదీసినప్పుడు లోహంలో మిగిలిన బిగువు, రెండూ కలిసి చీల్చేశాయి. మళ్లీ వేడి చేసి ఆ బిగువు దించితే పగుళ్లు ఆగాయి.

తూటాల ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం. ఎన్నిసార్లు సాగితే అంత గట్టిపడి పెళుసెక్కుతుంది. పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకును కొట్టి కొట్టి మళ్లీ నిప్పుల్లో పెట్టేది దీనికోసమే. పదేపదే నింపిన తూటా మూతిని కూడా అలాగే మంటకు చూపి మెత్తబరుస్తారు. అడుగు మాత్రం నీళ్లలో మునిగి ఉండాలి. అడుగు మెత్తబడితే తూటా అక్కరకు రాదు.

పోటీలో ఈ షాట్‌గన్‌లో ఒకసారికి రెండే తూటాలు పెట్టనిస్తారు. తక్కినవి గడియారం పరిగెడుతుండగా నడుము బెల్టు నుంచి తీసి వేసుకోవాలి. అందుకే బయల్దేరే ముందు రాత్రి నింపిన ప్రతి తూటానూ గది కొలతకు చేసిన ఉక్కు గేజ్‌లో దించి చూస్తారు. తన బరువుకు తానే టక్కున దిగితే బెల్టులోకి. అంచు దగ్గర ఆగితే, బొటనవేలితో నొక్కకుండా పక్కన పెడతారు.