అర్జీ వ్రాయు విధము

కావ్యమునందలి యతిభంగమును గూర్చి నెలలతరబడి వాదులాడు మన విద్యావంతులు, తమ శాసనసభ్యునకు నాలుగు పంక్తులు వ్రాయవలసివచ్చినచో కచేరీ వాకిట అర్జీలు వ్రాయువానిని వెదకికొందురు. ఆతడు పూర్వము జమీందారునకు వ్రాసిన తీరుననే వ్రాయును. మొదట ‘మహారాజరాజశ్రీ’, తుద ‘తమ సేవకులము’. నడుమ కోరినదేమో దీపము పెట్టి వెదకవలెను. ఇది శైలీదోషము మాత్రమేయైన మేమింతగా చెప్పనక్కఱలేదు. ఓటిచ్చి పంపినవాడు తాను పంపినవానికి సేవకుడెట్లగును?

మన ప్రాంతపు రైతులు అర్జీనిట్లు భావింపలేదు. ఇచ్ఛాపురమునుండి బయలుదేఱిన రైతుయాత్ర తొమ్మిది జిల్లాలమీదుగా 130 దినములు, 1500 మైళ్లకు పైగా నడచి, దారిపొడుగున 1100కు మించిన అర్జీలు కూర్చి, 1938 మార్చి 27వ తేదీన మద్రాసు శాసనసభకు సమర్పించినది. ఋణభార నివారణము వారి ముఖ్యమైన కోర్కెలలో నొకటి. ఆ సంవత్సరముననే వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టము వచ్చినది. యాత్రవలననే వచ్చినదని మేమనము. కాని అడుగువారు వాకిట నిలిచియుండగా చట్టము చేయుట వేఱు, ఎవరును లేనప్పుడు చేయుట వేఱు. ఆనాడు ఆస్తియో చదువో లేనివారికి ఓటు లేదు. నేడు పదునెనిమిదేండ్లు నిండిన ప్రతివారికి ఓటున్నది. ఉత్తరము వ్రాయుటకే తీరిక లేదు!

ఆమదాలవలసలో రైలు దిగువారు పలకమీద ‘శ్రీకాకుళం రోడ్డు’ అని చదువుదురు. స్థలమొక యూరిది, పేరింకొక యూరిది. మన అర్జీల మీది చిరునామాలును ఇట్లే యుండును. స్టేషనులోని కొఱత పార్లమెంటు సభ్యునకు, వీధికాలువ సంగతి పురపాలక సంఘమునకు, చిరకాలముగా మూతపడియున్న సహకార చక్కెర మిల్లు సంగతి శాసనసభ్యునకు వ్రాయదగినవి. ఆ మిల్లు ఎన్నికల యుపన్యాసములలో మాత్రము ఆగక నడచుచున్నది.

‘మిల్లు తెఱిపించి మమ్ముద్ధరింపుడు’ అని వ్రాసినచో ‘చూతము’ అని బదులు వచ్చును. ‘దాని భూమియు యంత్రములును నేడెవరి యధీనమున నున్నవి? తెఱచుటను గూర్చి ప్రభుత్వ నిర్ణయమేమి? రాబోవు సమావేశములలో దీనిని నక్షత్రపు గుర్తుగల ప్రశ్నగా అడుగుదురా?’ అని వ్రాసినచో ‘చూతము’ చాలదు. అట్టి ప్రశ్న సభలో విచారణకు వచ్చినచో మంత్రి నోటితో సమాధానము చెప్పవలెను. దానిపై ఉపప్రశ్నలును వేయవచ్చును. అర్జీకి ప్రాణము విశేషణములలో లేదు, ఇట్టి ప్రశ్నలలో నున్నది.

ఇంకొక లోపము. ఇంటి యజమాని సంతకముతో ఇంటివారందఱి మాట ముగిసినదనుకొందుము. కుళాయి నీరు ఏ వేళ వచ్చునో, ఎన్ని బిందెలు నిండునో ఎఱిగిన యిల్లాలి సంతకము నీటి అర్జీపై కానరాదు! ఆమెయే వ్రాయవలెను, తాను మాటలాడు తెలుగులోనే వ్రాయవలెను. వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తిపంతులుగారు 1863లో శ్రీకాకుళము చేరువనే పుట్టిరి. ఈ మాట గ్రాంథికమున చెప్పుచున్నందుకు పాఠకులు మమ్ము చూచి నవ్వినను తప్పులేదు.

ఉత్తరమునకు నకలుంచుకొనవలెను. నెలలోపల జవాబు రానిచో మరల వ్రాయవలెను. ఆ రెండవదానిలో మొదటి యుత్తరపు తేదీని తప్పక వేయవలెను.