బస్తా ధర ఎంత?

బళ్లారి జిల్లా కురుగోడు వైపు మిరప బాగా పండుతుంది. అందుకని లెక్క కూడా మిరపతోనే చేద్దాం. అన్న దగ్గర 7 బస్తాల ఎండుమిర్చి, చేతిలో 4,000 రూపాయలు ఉన్నాయి. తమ్ముడి దగ్గర 9 బస్తాలున్నాయి గానీ నెత్తిన 6,000 అప్పుంది. లెక్కగడితే ఇద్దరి ఆస్తీ సమానమే. బస్తా ధర ఎంత?

ఈ లెక్క అచ్చు నాది కాదు. భాస్కరాచార్యుడి బీజగణితంలో మిరప బదులు గుర్రాలున్నాయి: ఒకడికి 6 గుర్రాలు, 300 రూపాయలు; ఇంకొకడికి 10 గుర్రాలు, 100 అప్పు. గుర్రం వెల 100. కురుగోడు సింద వంశీయుల రాజధానిగా ఉన్న 12వ శతాబ్దమే ఆయన కాలం కూడా. తెలియని రాశికి ఆయన పెట్టుకున్న గుర్తు ‘యా’. యావత్తావత్ అనే మాటలో మొదటి అక్షరం. మన లెక్క అలా రాస్తే: 7యా + 4,000 = 9యా − 6,000.

ఇక్కడే బడిలో ఒక మంత్రం చెప్పేస్తారు: ఇటుది అటు పోతే గుర్తు మారుతుంది. ఎందుకు మారుతుందో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. నిజానికి అటూ ఇటూ ఏదీ పోదు. ఇద్దరి దగ్గరా చెరో 7 బస్తాలు తీసేయండి; సమానం సమానంగానే ఉంటుంది. అన్నకు 4,000 మిగిలింది, తమ్ముడికి 2 బస్తాలూ ఆ అప్పూ మిగిలాయి. ఇప్పుడు ఇద్దరికీ చెరో 6,000 ఇవ్వండి. తమ్ముడి అప్పు తీరిపోయి 2 బస్తాలు మిగిలాయి, అన్న చేతిలో 10,000 అయింది. బస్తా 5,000. సరిచూస్తే అన్నకు 35,000 మీద 4,000, తమ్ముడికి 45,000లో 6,000 పోను, ఇద్దరికీ 39,000.

ఆర్యభటుడు 499లోనే దీన్ని ఒక్క సూత్రంలో బిగించాడు: డబ్బుల తేడాను వస్తువుల తేడాతో భాగించు. పిల్లలు బోల్తా పడేదీ ఇక్కడే. 4,000కూ 6,000కూ తేడా రెండు వేలే కదా అని బస్తా వెయ్యి అనేస్తారు. ఒకటి చేతిలో సొమ్ము, ఒకటి అప్పు. వాటి మధ్య తేడా పది వేలు. రుణసంఖ్యకు అప్పును మించిన పాఠం ఉండదనుకుంటాను.

ఈ ప్రాంతానికి ఇంకా దగ్గరి గణితజ్ఞుడు మహావీరాచార్యుడు. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, అదీ జైన ప్రస్తావనలున్న చోట శివుణ్ణి కూర్చోబెట్టి! లెక్కల పుస్తకాన్ని కూడా మన ఊరి మనుషులకు పనికొచ్చేలా మార్చుకోవాలన్న తెలివి అది. మన పాఠ్యపుస్తకాలకు అది ఇంకా కొంచెం అబ్బితే బాగుండు.

సమీకరణమే రాయకుండా సాధించే దారి ఇంకొకటుంది, ఇష్టకర్మ: జవాబు ఇదీ అని ఒక సంఖ్యను ఊహించుకుని సరిచేయడం. భాస్కరాచార్యుడిదే లీలావతిలో తామరపూల లెక్క చూడండి. మూడోవంతు శివుడికి, ఐదోవంతు విష్ణువుకు, ఆరోవంతు సూర్యుడికి, నాలుగోవంతు దేవికి ఇచ్చాక గురువుకు 6 పూలు మిగిలాయి. మొత్తం 60 అనుకోండి. 20, 12, 10, 15 పోగా 3 మిగులుతాయి. మిగలాల్సినవి అంతకు రెట్టింపు, కాబట్టి పూలు 120.

బస్తాల లెక్కకు ఒక్క ఊహ చాలదు, ఎందుకంటే సొమ్మూ అప్పూ బస్తా ధరతో పాటు పెరగవు. అప్పుడు రెండు ఊహలు చేయాలి. బస్తా 1,000 అనుకుంటే అన్నకు 11,000, తమ్ముడికి 3,000, తేడా 8,000. 2,000 అనుకుంటే 18,000, 12,000, తేడా 6,000. ధర వెయ్యి పెరిగితే తేడా రెండు వేలు తగ్గుతోంది. మిగిలిన ఆరు వేలు తగ్గాలంటే ధర ఇంకో మూడు వేలు పెరగాలి.