ఏ రూటు, ఎంత లోడు?

గిద్దలూరు దాటి, దిగువమెట్ట మీదుగా నంద్యాల వైపు నల్లమల ఎక్కే లారీ డ్రైవరుకి ఇంజను ట్యూనింగ్ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నిండు లోడుతో సెకండ్ గేరులో మలుపు తిరిగేటప్పుడు పొగే అన్నీ చెబుతుంది. నల్లగా దట్టంగా కొడితే లోపలికి వెళ్తున్న గాలికి మించి డీజిల్ పడుతోందని అర్థం. పొగ లేకపోయినా బండి ఏడుస్తూ ఎక్కుతోందంటే పంపు బిగించేశారని అర్థం.

కంప్యూటర్లు లేని ఆ పాత ఇంజన్లలో బలం సంగతంతా డీజిల్ పంపు దగ్గరే తేలేది. పంపు విప్పి టెస్టు బెంచికి బిగిస్తారు. ఎదురుగా గాజు గొట్టాలు వరుసగా ఉంటాయి, సిలిండరుకి ఒకటి చొప్పున. బెంచి తిరుగుతుంటే ఒక్కో గొట్టంలోకి నూనె దిగుతుంది. అన్నింటిలోనూ మట్టం సమంగా వచ్చేదాకా మంచి మెకానిక్ అక్కడినుంచి కదలడు. ఒకదాంట్లో కాస్త తగ్గినా మళ్లీ వదులు చేసి, పిసరంత తిప్పి, మళ్లీ నింపి చూస్తాడు. అంతా కుదిరాక స్క్రూలకు తీగ చుట్టి సీసపు సీలు నొక్కుతాడు. ఆ తర్వాత ఎవరు వేలు పెట్టినా ఇట్టే తెలిసిపోతుంది.

అయితే సీలు వేయడానికి ముందు అతను ఒక మాట అడుగుతాడు: “ఏ రూటుకి తిప్పుతావన్నా? లోడెంత?”

ఇప్పుడు టర్బో కార్ల కుర్రాళ్ల ముందున్నదీ ఆ మాటే. పోలో జీటీ టీఎస్ఐ, ఆక్టేవియా లాంటి కార్లలో ఎంత పెట్రోలు చిమ్మాలి, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అన్నవన్నీ ఈసీయూ అనే ఇంజను కంప్యూటరులోని పట్టికల్లో అంకెలుగా ఉంటాయి. వాటిని తిరగరాయడమే రీమ్యాప్. ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి, ఏదో ఒక కంపెనీ తన దగ్గరి కారు మీద పరీక్షించి తయారుచేసి, తాళం వేసి అమ్మే మ్యాప్. అది ఎక్కాక అందులోని అంకెలు వేరే ట్యూనరుకి కనిపించవు, మార్చడానికీ వీలుండదు. రెండోది, మీ కారు నడుస్తుండగా నమోదైన లెక్కలు చూసి, ఒక్కో పట్టికా మీ బండికోసమే సరిచేసే కస్టమ్ ట్యూన్.

తాళం మ్యాప్‌ని తేలిగ్గా తీసేయకూడదు. ఎన్నో కార్లలో నలిగిన అంకెలవి. పెద్ద మార్పులేవీ చేయని కారుకి అది చాలావరకు సరిపోతుంది. పైగా ఎవడో పనితనం లేనివాడు ల్యాప్‌టాప్ తగిలించి పాడుచేసే ప్రమాదం ఉండదు.

కానీ ఆ అంకెలు ఎక్కడ పుట్టాయో చూడాలి. యూరప్ చల్లటి గాలిలో, 98 ఆక్టేన్ పెట్రోలు పోసి రాసిన మ్యాప్‌కి మే నెల మార్కాపురం ఎండ తెలియదు. వేడెక్కిన గాలి పలచబడుతుంది, అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ గాలినే టర్బో మరింత కాచి లోపలికి నెడుతుంది. రవ్వతో లేచిన మంట తనదాకా చేరకముందే పెట్రోలు అక్కడక్కడా అంటుకుని ఇంజను లోపల టకటక మొదలవుతుంది. ఆ దెబ్బలు ఆగకపోతే పిస్టనే పగులుతుంది. వంద ఆక్టేన్ పెట్రోలు 2020 చివర్లో మన దేశంలోకి వచ్చినా దొరికేది కొన్ని నగరాల్లోనే. మన బంకుల్లో పోసే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. అది ఆక్టేన్ పెంచే మాట నిజమే కానీ, పెట్రోలుతో పోలిస్తే దాని శక్తి మూడో వంతు తక్కువ. కాబట్టి అదే పనికి ఎక్కువ ఇంధనం చిమ్మాలి. కొంతవరకు సెన్సార్లే సర్దుకుంటాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం పట్టికలోని అంకె సరైనదై ఉండాలి.

అందుకే ఈ ప్రాంతంలో తిరిగే కారుకి, అందులోనూ టర్బోనో ఇంటర్‌కూలరో మార్చిన కారుకి, కస్టమ్ ట్యూనే మేలు. దానికోసం హైదరాబాదో బెంగళూరో పోవాల్సి వచ్చినా సరే. పని పూర్తయ్యాక ఆ ట్యూనరు తన ఫైలుకి తాళం వేసుకుంటానంటే అభ్యంతరం ఉండక్కర్లేదు. పంపు మెకానిక్ సీసం నొక్కినట్టే అదీ. ముందు అడిగాడా లేదా అన్నదే తేడా.

ఇందులో చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధనను గట్టిగానే చెప్పింది. వారంటీ, బీమా రెండూ చిక్కుల్లో పడొచ్చు. పొగను శుభ్రం చేసే క్యాటలిస్టును పీకేసి, అది లేదన్న సంగతి ఈసీయూకి తెలియకుండా రాసే మ్యాప్‌లు కూడా బజారులో ఉన్నాయి. శ్రీశైలం వెళ్లే దోర్నాల దారి అంతా పులుల అడవి. రాత్రిళ్లు గేట్లు మూసి కాపాడుకుంటున్న చోటు అది. అందులోకి అలాంటి పొగ వదలడం తప్పు.

కస్టమ్ పనిలో అసలు విద్యంతా కనబడేది లాగ్, అంటే కారు నడుస్తుండగా నమోదైన ఆ లెక్కలు, చదివే చోట. ఇంజను టకటకమన్నప్పుడు ఈసీయూ రవ్వ వేసే సమయాన్ని ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగిందో చూపించే గడులుంటాయి, ఒక్కో సిలిండరుకీ ఒకటి. ఘాట్ ఎక్కి వచ్చిన లాగ్‌లో మూడు సిలిండర్లకి సున్నా ఉండి, నాలుగోదానికి మాత్రం మూడు అని ఉందనుకోండి. ట్యూనరు పట్టికలో ఆ చోటు వెతికి, ఒక్క అంకె తగ్గించి, ఫైలు మళ్లీ ఎక్కించి, మర్నాడు మధ్యాహ్నం అదే ఎండలో, అదే మెట్ట మీదికి అదే వేగంతో పోనిమ్మంటాడు. నాలుగు గడులూ సమం అయ్యేదాకా పోనిమ్మంటూనే ఉంటాడు.